దేశం మారుతూ ఎలక్ట్రిక్ కారును వెంట తీసుకెళ్లడం ఎలా

దేశం మారాలని నిశ్చయమైన తరువాత, ఇంట్లో ఉన్న ఎలక్ట్రిక్ కారు సంగతి వచ్చేసరికి చాలామంది మొట్టమొదట ఓడ కిరాయి ఎంతవుతుందో కనుక్కుంటారు. నిజానికి అది చివరగా తేల్చుకోవలసిన లెక్క. కారు చేరవలసిన దేశంలో దానికి నంబరు ప్లేటు ఇస్తారా, ఇస్తే ఎంత సుంకం పడుతుంది, సుంకం కట్టినా అక్కడి ఛార్జర్లు దానికి పనికొస్తాయా అన్నవి తేలకముందే ఓడలో చోటు మాట్లాడుకున్నవారు, రేవులో నిలిచిపోయిన కారుకు రోజువారీ అద్దె కడుతూ ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి తిరగవలసి వస్తుంది. అందుకే ఈ పనిని చివరి మెట్టు నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ సిద్ధం చేసుకోవాలి. కొత్త దేశంలో రిజిస్ట్రేషన్ కార్యాలయం ఏ కాగితాలు అడుగుతుందో ముందు తెలుసుకుని, ఆ కాగితాలు ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర పుడతాయో చూసుకుంటూ ఇప్పుడున్న ఊరి దాకా రావాలి.

పెట్రోలు కారుకు ఏ దేశపు బంకు దగ్గర ఆపినా గొట్టం పడుతుంది. ఎలక్ట్రిక్ కారు అలా కాదు. అది కొన్న దేశపు విద్యుత్ వ్యవస్థకు, అక్కడి ఛార్జింగ్ సాకెట్టుకు, అక్కడి మొబైల్ నెట్‌వర్కుకు అనుగుణంగా తయారై వస్తుంది. దానిలో ఉన్న పెద్ద లిథియం బ్యాటరీ కారణంగా రవాణా చట్టాల దృష్టిలో అది ప్రమాదకర సరుకు కూడా. కాబట్టి మామూలు కార్ల కోసం రాసిన సలహాలు ఇక్కడ సగం దూరమే పనికొస్తాయి.

ముందు నంబరు ప్లేటు సంగతి

కార్ల భద్రతా ప్రమాణాలు ప్రపంచంలో స్థూలంగా రెండు పాయలుగా నడుస్తున్నాయి. 1958లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం కింద రూపొందిన నిబంధనలను ఐరోపా దేశాలు, జపాన్, ఆస్ట్రేలియా వంటివి కొద్దిపాటి తేడాలతో పాటిస్తాయి. అమెరికా, కెనడాలు ఆ ఒప్పందంలో చేరకుండా సొంత ప్రమాణాలు పెట్టుకున్నాయి. ఒకే పాయలో ఉన్న దేశాల మధ్య కారును మార్చడం చాలావరకు కాగితాల పని. ఒక పాయ నుంచి మరో పాయకు మార్చడం కారును విప్పి సరిచేసే పని, కొన్నిసార్లు అసలు సాధ్యం కాని పని.

అమెరికా సమాఖ్య ప్రమాణాల ప్రకారం తయారు కాని కారును అక్కడ శాశ్వతంగా ఉంచుకోవాలంటే అది తయారై కనీసం 25 ఏళ్లు గడిచి ఉండాలి. లేదా ప్రభుత్వం అర్హమైనదిగా గుర్తించిన మోడల్ అయి ఉండి, గుర్తింపు పొందిన దిగుమతిదారు చేత మార్పులు చేయించి ఉండాలి. నిస్సాన్ లీఫ్ మార్కెట్లోకి వచ్చిందే 2010 డిసెంబరులో కనుక, ఆ తరానికి చెందిన మొట్టమొదటి కారుకు కూడా ఈ వయసు మినహాయింపు 2035కు గానీ అందదు. కెనడాలో ఇదే గడువు 15 ఏళ్లు. అంటే ఐరోపాలోనో జపాన్‌లోనో కొన్న ఎలక్ట్రిక్ కారును అమెరికాకు తీసుకెళ్లాలనుకునే వారిలో అత్యధికులకు సమాధానం 'వీలు కాదు' అనే ఉంటుంది. ఆ మాట ముందే తెలియడం మంచిది. డ్రైవరు వైపు తలుపు చట్రం మీద అతికించిన లేబుల్‌లో అమెరికా సమాఖ్య భద్రతా ప్రమాణాలకు అనుగుణంగా తయారైనదని రాసి ఉందో లేదో చూస్తే ఈ విషయం సగం తేలిపోతుంది.

ఐరోపా సమాఖ్యలోని ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లేవారికి కీలకమైన కాగితం, కారు అక్కడి ప్రమాణాలకు సరిపోతుందని తయారీదారు ఇచ్చే అనుగుణ్యతా ధ్రువపత్రం (సర్టిఫికెట్ ఆఫ్ కన్ఫార్మిటీ). కారు కొన్నప్పుడు ఇచ్చిన కాగితాల కట్టలో అది లేకపోతే తయారీదారు నుంచి మరో ప్రతి తెప్పించుకోవచ్చు. దానికి వారాలు పట్టవచ్చు కాబట్టి ముందుగానే అడగాలి. అమెరికా మార్కెట్టు కోసం తయారైన కారుకు ఆ పత్రం సాధారణంగా ఉండదు. అప్పుడు ఆ ఒక్క కారునే పరీక్షించి ఆమోదించే విడి ప్రక్రియ గుండా పోవాలి. అమెరికాలో వెనుక మలుపు దీపాలు ఎర్రగా ఉండవచ్చు, ఐరోపాలో అవి కాషాయ రంగులోనే ఉండాలి. అమెరికాలో తప్పనిసరి కాని వెనుక ఫాగ్ లైటు ఐరోపాలో తప్పనిసరి. రోడ్డుకు ఏ పక్కన నడపాలన్న నియమం మారితే ముందు దీపాల కాంతి వాలు కూడా మారాలి. కొత్త కార్లలో ఈ దీపాలు విప్పడానికి వీల్లేని ఎల్‌ఈడీ పెట్టెలుగా, కారు సాఫ్ట్‌వేరుతో ముడిపడి వస్తున్నాయి గనుక బల్బు మార్చినంత సులువుగా పని జరగదు. మొత్తం పెట్టె కొనాలి, దాన్ని కారు గుర్తించేలా కోడింగ్ చేయించాలి. ఎలక్ట్రిక్ కార్లకే ప్రత్యేకమైనది మరొకటి ఉంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు పాదచారులకు వినిపించేలా చేసే హెచ్చరిక శబ్దం ఐరోపా సమాఖ్యలో 2019 జులై నుంచి కొత్త మోడళ్లకు, 2021 జులై నుంచి కొత్తగా అమ్మే కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. అంతకు ముందు తయారైన కారుకు ఇది ఎలా వర్తిస్తుందో పరీక్ష కేంద్రాన్నే అడగాలి.

స్టీరింగు ఏ వైపు ఉండాలన్న దాని మీద, వాడిన కారు వయసు మీద కూడా కొన్ని దేశాలు గట్టి నియమాలు పెట్టాయి. భారతదేశం వాడిన కారు తయారై మూడేళ్లకు మించకూడదని, స్టీరింగు కుడివైపే ఉండాలని అంటుంది. ఎలక్ట్రిక్ కారుకు స్టీరింగు వైపు మార్పించడం గురించి ఎవరైనా చెప్పినా నమ్మకండి. అధిక వోల్టేజీ తీగలు, డ్రైవరు ఎదుటి తెరలు, ఎయిర్‌బ్యాగులు అన్నీ ఒక వైపుకే అమర్చి ఉన్న కారును అలా తిప్పడం వల్ల భద్రత, విలువ రెండూ పోతాయి.

ఈ విచారణ అంతా ఫోను మీద కాక, కారు 17 అక్షరాల గుర్తింపు సంఖ్యను పేర్కొంటూ రాతపూర్వకంగా జరగాలి. అదే మోడల్, అదే సంవత్సరం అయినా ఏ మార్కెట్టు కోసం తయారైందన్నదాన్ని బట్టి సమాధానం మారిపోతుంది. ఒక అధికారి నోటిమాటగా చెప్పింది రేవులో మరో అధికారి ముందు నిలబడదు.

సుంకం మినహాయింపు: గడువులే ప్రాణం

నివాసం మార్చుకునే వారికి సొంత వస్తువుల మీద సుంకం మినహాయించడం చాలా దేశాల్లో ఉన్నదే. అయితే దాని చుట్టూ గడువుల కంచె ఉంటుంది. ఐరోపా సమాఖ్య 2009లో తెచ్చిన 1186వ నంబరు నియంత్రణను ఉదాహరణగా తీసుకుంటే, బయటి దేశం నుంచి వచ్చే వ్యక్తి అంతకుముందు వరుసగా కనీసం 12 నెలలు సమాఖ్య బయట నివసించి ఉండాలి. కారు కనీసం 6 నెలలు అతని స్వాధీనంలో ఉండి, పాత నివాసంలో వాడుకలో ఉండి ఉండాలి. కొత్త నివాసం ఏర్పరచుకున్న 12 నెలల లోపు దాన్ని తేవాలి. తెచ్చాక 12 నెలల పాటు అమ్మకూడదు, అద్దెకు ఇవ్వకూడదు, తాకట్టు పెట్టకూడదు, ఉచితంగా కూడా మరొకరికి వాడుకోవడానికి ఇవ్వకూడదు. బ్రిటన్ నియమాలు కూడా దాదాపు ఇదే అచ్చులో ఉన్నాయి. అక్కడ వస్తువులు రాకముందే దరఖాస్తు పెట్టి అనుమతి సంఖ్య తీసుకోవడం మేలు.

ఈ గడువులు చదివాక తేదీలను పట్టికగా రాసుకోండి. కారు డెలివరీ తీసుకున్న రోజు, మీరు వెళ్లే రోజు, కారు కొత్త దేశపు రేవుకు చేరే రోజు, అక్కడ నివాసం నమోదయ్యే రోజు ఒకే కాగితం మీద ఉంటే ఎక్కడ తప్పుతుందో వెంటనే కనిపిస్తుంది. ప్రయాణానికి ఐదు నెలల ముందు కొత్త కారు కొని, ఆ ఒక్క నెల తేడాతో మినహాయింపు పోగొట్టుకునే ప్రమాదం పొంచి ఉంటుంది. విదేశీ ఉద్యోగం ఖాయమయ్యే సమయంలోనే పాత కారును వదిలించుకుని కొత్తది కొనాలనే ఆలోచన సహజంగా వస్తుంది కాబట్టి.

మినహాయింపు దక్కకపోతే ఎంతవుతుందో లెక్క వేద్దాం. ఐరోపా సమాఖ్యలో కార్ల మీద సాధారణ దిగుమతి సుంకం 10 శాతం. కారు ప్రస్తుత విలువ 30,000 యూరోలు, రవాణా, బీమా కలిపి 2,000 అనుకుంటే, 32,000 మీద సుంకం 3,200 అవుతుంది. ఆపైన 35,200 మీద, ఉదాహరణకు 20 శాతం చొప్పున, విలువ ఆధారిత పన్ను 7,040 పడుతుంది. మొత్తం 10,240 యూరోలు, అంటే కారు విలువలో మూడో వంతు పైమాట. కొన్ని దేశాల్లో రిజిస్ట్రేషన్ పన్ను దీనికి అదనం. ఎలక్ట్రిక్ కార్లకు ఆ పన్నులో రాయితీలు ఉండవచ్చు, కానీ అవి ఏటేటా మారుతుంటాయి గనుక మీ కారు చేరే సంవత్సరానికి ఏది అమల్లో ఉంటుందో చూసుకోవాలి.

కారు మీద ఉన్న బ్రాండు పేరుకూ, అది తయారైన దేశానికీ సంబంధం ఉండకపోవచ్చు. సుంకం చూసేది రెండోదాన్నే. గుర్తింపు సంఖ్య జపాన్‌లో తయారైన వాటికి జె తో, చైనాలో తయారైన వాటికి ఎల్ తో, జర్మనీలో తయారైన వాటికి డబ్ల్యూ తో మొదలవుతుంది. 2024 అక్టోబరు చివరి నుంచి చైనాలో తయారైన కొత్త బ్యాటరీ కార్ల మీద ఐరోపా సమాఖ్య అదనపు సుంకాలు విధిస్తోంది. మీ కారు కొద్ది నెలల పాతదై, మినహాయింపుకు అర్హత లేనిదైతే, ఈ కోణం నుంచి కూడా కస్టమ్స్ ఏజెంటును అడగడం అవసరం.

గమనించవలసిన సందర్భాలు ఇంకా రెండున్నాయి. కంపెనీ పేరునో లీజు సంస్థ పేరునో ఉన్న కారు మీ సొంత ఆస్తి కాదు గనుక ఈ మినహాయింపు కిందికి సాధారణంగా రాదు. అలాగే, ఐరోపా సమాఖ్య నుంచి తీసుకువెళ్లిన కారుతో మూడేళ్ల లోపు తిరిగి వస్తున్నవారు తిరిగివచ్చిన సరుకుల మినహాయింపును వాడుకోవచ్చు. బయటికి వెళ్లేటప్పటి ఎగుమతి పత్రం దాచి ఉంచుకుంటేనే అది నిరూపణ అవుతుంది.

తాత్కాలిక దిగుమతి అనే దారి గురించి చాలామంది పొరబడతారు. పర్యాటకుడిగా వచ్చిన వ్యక్తి తన దేశపు నంబరు ప్లేటుతో కారును కొన్ని నెలలు, ఐరోపా సమాఖ్యలో సాధారణంగా ఆరు నెలల దాకా, సుంకం లేకుండా నడపవచ్చు. మరికొన్ని దేశాలు దీనికి, కారును తిరిగి తీసుకెళ్తామన్న హామీగా 'కార్నే' (carnet) అనే పత్రాన్ని అడుగుతాయి. అయితే ఈ వెసులుబాటు అక్కడ నివాసం లేని వారికే. నివాస అనుమతి తీసుకుని ఉద్యోగంలో చేరిన వ్యక్తికి అది వర్తించదు. ఆరు నెలలు ఇంకా పూర్తి కాలేదు కదా అని పాత ప్లేటుతో తిరుగుతున్న కొత్త నివాసి కారును కస్టమ్స్ జప్తు చేయగలదు.

వదిలి వెళ్లే దేశంలో చేయవలసినవి

కారు మీద అప్పు ఉంటే ముందు దాన్ని తీర్చి హైపోథికేషన్ తీయించాలి, లేదా అప్పిచ్చిన సంస్థ నుంచి దేశం దాటించడానికి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. చాలా సంస్థలు ఆ అనుమతి ఇవ్వవు. కొనేటప్పుడు ప్రభుత్వ ప్రోత్సాహకం తీసుకుని ఉంటే, కారును కనీసం ఎంతకాలం అక్కడే ఉంచాలన్న షరతు ఉందో చూడాలి. గడువుకు ముందే ఎగుమతి చేస్తే ఆ డబ్బు తిరిగి కట్టమంటారు.

ఎగుమతి నమోదు తీరు దేశానికొక రకంగా ఉంటుంది. అమెరికా నుంచి వాడిన కారును పంపేటప్పుడు యాజమాన్య పత్రాలను, కారును ఎగుమతికి కనీసం 72 గంటల ముందు కస్టమ్స్‌కు చూపాలి. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ పత్రంలోని శాశ్వత ఎగుమతి భాగాన్ని పూరించి అధికారులకు పంపాలి. ఆ పత్రంలో మిగిలిన భాగం కొత్త దేశంలో అవసరం కనుక దాన్ని మాత్రం మీ దగ్గరే ఉంచుకోవాలి. ఏ దేశమైనా పాత రిజిస్ట్రేషన్ రద్దు చేసే ముందు అసలు పత్రాల స్పష్టమైన నకళ్లు తీసుకోండి. బీమా సంస్థ నుంచి మీరు ఎన్నేళ్లుగా పరిహారం కోరలేదో తెలిపే లేఖ తీసుకోండి. కొత్త దేశంలో ప్రీమియం తగ్గించడానికి కొన్ని సంస్థలు దాన్ని అంగీకరిస్తాయి.

పెండింగులో ఉన్న రీకాల్ పనులన్నీ ఇక్కడే చేయించుకుని వెళ్లండి. బ్యాటరీకి సంబంధించిన రీకాల్ అయితే ఇది మరీ ముఖ్యం. 2021లో జనరల్ మోటార్స్ బ్యాటరీలో మంటలు లేచే ప్రమాదం ఉందని తన షెవర్లే బోల్ట్ కార్లన్నిటినీ వెనక్కి పిలిచింది. అలాంటి లోపం సరిచేయని కారును ఓడ సంస్థ ఎక్కించుకోదు, ఎక్కించుకోకూడదు కూడా. అధీకృత సర్వీసు కేంద్రం నుంచి బ్యాటరీ ఆరోగ్య నివేదిక కూడా తీసుకోండి. దారిలో ఏదైనా జరిగితే బీమా కోసం, తరువాత అమ్మకం కోసం ఆ ఒక్క కాగితం ఎంతో అక్కరకు వస్తుంది.

ఛార్జింగ్: అసలు చిక్కు ఇక్కడే

సాకెట్టు ఆకారం గురించి అందరూ ఆలోచిస్తారు, ఫేజుల గురించి ఎవరూ ఆలోచించరు. ఇంటి దగ్గరి, వీధి పక్కని ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) ఛార్జింగులో నిజంగా తేడా తెచ్చేది ఫేజులే.

ఉత్తర అమెరికా కార్లలో ఉండే ఛార్జర్ ఒక ఫేజుతోనే పని చేస్తుంది. అక్కడ ఇళ్లలో 240 వోల్టులు దొరుకుతాయి కాబట్టి ఎక్కువ ఆంపియర్లు లాగి ఆ లోటు తీర్చుకుంటుంది. ఐరోపాలో చాలాచోట్ల మూడు ఫేజుల సరఫరా ఉంటుంది, ఒక్కో ఫేజుకు 230 వోల్టులు. 11 కిలోవాట్ల ఛార్జింగ్ స్తంభం అంటే మూడు ఫేజుల్లో ఒక్కోదాంట్లో 16 ఆంపియర్లు అని అర్థం. అమెరికా కారు అందులో ఒక్క ఫేజునే వాడుకోగలదు కనుక దానికి దక్కేది 230ని 16తో గుణిస్తే వచ్చే 3.7 కిలోవాట్లు మాత్రమే. 75 కిలోవాట్ అవర్ల బ్యాటరీని అడుగు నుంచి నింపడానికి స్థానిక కారుకు ఏడు గంటలు పట్టే చోట దానికి ఇరవై గంటలు పడుతుంది. ఫేజుకు 32 ఆంపియర్లు ఇచ్చే 22 కిలోవాట్ల స్తంభం దొరికితే 7.4 కిలోవాట్ల దాకా రావచ్చు. ఎదురు దిశలోనూ ఇదే సమస్య. మూడు ఫేజుల్లో 11 కిలోవాట్లు తీసుకునే ఐరోపా కారు ఒకే ఫేజు ఉన్న చోట 16 ఆంపియర్లకే ఆగిపోతుందా, 32 దాకా తీసుకుంటుందా అన్నది మోడల్ను బట్టి ఉంటుంది. కాబట్టి కారు వివరాల పుస్తకంలో 'ఒక ఫేజులో గరిష్ఠ ఆంపియర్లు' అన్న అంకెను వెతికి పట్టుకోండి. మీ రోజువారీ జీవితాన్ని నిర్ణయించేది అదే.

50, 60 హెర్ట్జుల తేడాను గురించి దిగులు అక్కర్లేదు. కారులోని ఛార్జర్లు సాధారణంగా రెండింటినీ తట్టుకుంటాయి. కారుతో వచ్చే చేతి ఛార్జర్ సంగతి వేరు. దాన్ని పాత దేశపు గోడ ప్లగ్గు కోసం, అక్కడి ఎర్తింగు పద్ధతి కోసం తయారు చేశారు. మామూలు ప్రయాణపు అడాప్టరు తగిలించి గంటల తరబడి 10, 12 ఆంపియర్లు లాగితే ఆ అడాప్టరు కరిగిపోయి ఇల్లు అంటుకునే ప్రమాదం ఉంది. ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. కొత్త దేశంలో ఆమోదం ఉన్న ఛార్జర్‌ను అర్హత గల ఎలక్ట్రీషియన్ చేత గోడకు బిగింపించుకోవడం ఖర్చుల జాబితాలో మొదటి వరుసలోనే ఉండాలి.

ఇక సాకెట్ల సంగతి. ఏసీకి ఉత్తర అమెరికా, జపాన్‌లలో టైప్ 1, ఐరోపాలో టైప్ 2 వాడుకలో ఉన్నాయి. వీటి మధ్య కేబుళ్లు సులువుగానే దొరుకుతాయి, ఎందుకంటే కారుకూ స్తంభానికీ మధ్య నడిచే సంకేతం రెండింటిలోనూ ఒకటే. డీసీ ఫాస్ట్ ఛార్జింగుకు ఉత్తర అమెరికా, దక్షిణ కొరియాల్లో సీసీఎస్1, ఐరోపా, ఆస్ట్రేలియా, భారతదేశం వంటి చోట్ల సీసీఎస్2, జపాన్‌లో చాడెమో, చైనాలో జీబీటీ ఉన్నాయి. అమెరికాలో టెస్లా సాకెట్టు నాక్స్ పేరుతో 2023 నుంచి ఇతర తయారీదారులకూ విస్తరిస్తోంది. ఒకే టెస్లా మోడల్ అమెరికాలో నాక్స్ సాకెట్టుతోనూ ఐరోపాలో సీసీఎస్2 తోనూ అమ్ముడవుతుంది కనుక, బ్రాండు ఒకటే కదా అన్న ధైర్యం చెల్లదు.

ఈ డీసీ రకాల మధ్య అడాప్టరు పెట్టడం ఎంత తేలిక అన్నది అవి మాట్లాడే భాషను బట్టి ఉంటుంది. సీసీఎస్1, సీసీఎస్2 రెండూ ఒకే సంకేత పద్ధతిలో మాట్లాడతాయి, తేడా పిన్నుల ఆకారంలోనే. అందుకే వాటి మధ్య అడాప్టర్లు మార్కెట్లో ఉన్నాయి. అయినా వందల వోల్టులు, వందల ఆంపియర్లు పారే దారిలో మధ్యన చేరిన ఆ ముక్కకు తాళం, ఉష్ణోగ్రతను కనిపెట్టే సెన్సరు లేకపోతే అది ప్రమాదమే. పైగా చాలా ఛార్జింగ్ సంస్థలు తమ షరతుల్లో డీసీ అడాప్టర్లను నిషేధిస్తాయి. చాడెమో, జీబీటీలు పూర్తిగా వేరే పద్ధతిలో సంకేతాలు పంపుతాయి. వాటికి సీసీఎస్‌కూ మధ్య అనువాదం చేసే ఎలక్ట్రానిక్ పెట్టె కావాలి, అన్ని స్తంభాల దగ్గరా అది పని చేస్తుందన్న హామీ ఉండదు. కారు సాకెట్టునే మార్పించడం కొన్ని మోడళ్లకు సాధ్యమే, కానీ అది అధిక వోల్టేజీ భాగాన్ని తాకే పని, వారంటీకి, ప్రమాణాల ఆమోదానికి అడ్డు రావచ్చు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. డీసీ సాకెట్టు రకమే వేరైన దేశానికి కారును తీసుకెళ్లడం, ఇంట్లో సొంత పార్కింగు, గోడ ఛార్జర్ పెట్టుకునే వీలు ఉండి, దూర ప్రయాణాలు అరుదుగా చేసేవారికే తగుతుంది. అద్దె అపార్టుమెంటులో ఉంటూ వీధి ఛార్జర్ల మీద ఆధారపడేవారు అలాంటి కారును వెళ్లే ముందే అమ్మేసి, అక్కడ స్థానికంగా కొనుక్కోవడం డబ్బులోనూ మనశ్శాంతిలోనూ లాభం.

సాఫ్ట్‌వేరు, వారంటీ

కారులోని సిమ్ కొన్న దేశపు నెట్‌వర్కుకు కట్టుబడి ఉంటుంది. దేశం మారాక మ్యాపులు, ఫోను యాప్, దూరం నుంచి బ్యాటరీని వేడి చేసుకునే సదుపాయం, కొన్నిసార్లు సాఫ్ట్‌వేరు అప్‌డేట్లు కూడా ఆగిపోవచ్చు. ప్రాంతం మార్పించడం కుదురుతుందా అని తయారీదారుల రెండు దేశాల కార్యాలయాలనూ అడగండి. ఒకరు కుదురుతుందన్నది మరొకరు కాదనవచ్చు. బ్యాటరీ వారంటీ సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు ఉంటుంది, కానీ అది కొన్న ప్రాంతానికే పరిమితమని చిన్న అక్షరాల్లో రాసి ఉండవచ్చు. ఎలక్ట్రిక్ కారులో అత్యంత ఖరీదైన భాగం బ్యాటరీయే గనుక, ఆ హామీ పోతుందంటే కారు విలువలోంచి పెద్ద ముక్క పోయినట్టే లెక్క వేసుకోవాలి. చిన్నవే అయినా రోజూ చికాకు పెట్టేవి కూడా ఉన్నాయి: ఉత్తర అమెరికా కార్ల రిమోట్ తాళాలు, టైరు గాలి సెన్సర్లు చాలావరకు 315 మెగాహెర్ట్జుల మీద, ఐరోపావి 433 మెగాహెర్ట్జుల మీద పని చేస్తాయి, కాబట్టి విడి భాగం పాడైతే స్థానికంగా దొరికేది సరిపోదు.

ప్రయాణం

భూమార్గం ఉంటే, ప్రమాణాల పాయ ఒకటే అయితే, సొంతంగా నడుపుకుంటూ వెళ్లడం అన్నిటికంటే తేలిక. పాత దేశపు బీమా ఏ రోజు దాకా, ఏ సరిహద్దుల దాకా చెల్లుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. ఒక దేశపు వాహన బీమా మరో దేశంలోనూ చెల్లుతుందని చూపే పత్రం గ్రీన్ కార్డు; ఆ వ్యవస్థలో ఉన్న దేశాల మధ్య దాన్ని దగ్గర ఉంచుకోండి. సరిహద్దు దగ్గర ఆగకుండా వెళ్లిపోకుండా, కస్టమ్స్ ఉన్న చోట నివాస మార్పు కింద తెస్తున్నానని ప్రకటించి కాగితం మీద ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర లేకపోతే తరువాత రిజిస్ట్రేషన్ దగ్గర మొత్తం ఆగిపోతుంది. ఫెర్రీ ఎక్కవలసి ఉంటే ఆ సంస్థ ఎలక్ట్రిక్ కార్లను అనుమతిస్తుందో లేదో ముందే చూడండి. నార్వే తీరం వెంట ఓడలు నడిపే హవీలా సంస్థ 2023 జనవరిలో ఎలక్ట్రిక్ కార్లను ఎక్కించుకోవడం మానేసింది.

సముద్రమార్గంలో రెండు పద్ధతులున్నాయి. కారును నడిపి ఓడలోకి ఎక్కించే రో-రో ఓడ, లేదా కంటైనరు. రెండింటిలోనూ ఎలక్ట్రిక్ కారు తొమ్మిదో తరగతి ప్రమాదకర సరుకు. పాత నియమాల్లో బ్యాటరీ వాహనాలన్నీ యూఎన్ 3171 అన్న ఒకే సంఖ్య కింద ఉండేవి. ఇప్పుడు లిథియం అయాన్ బ్యాటరీతో నడిచే వాహనాలకు యూఎన్ 3556 అన్న విడి సంఖ్య వచ్చింది, సముద్ర రవాణాలో ఇది 2026 జనవరి 1 నుంచి తప్పనిసరి. మీరు మాట్లాడే ఏజెంటు ఈ సంఖ్య వినగానే గుర్తుపట్టకపోతే మరో ఏజెంటును చూసుకోండి. మామూలు ఇంటి సామాను పంపే సంస్థ, సామానుతో పాటు కంటైనరులో కారును కూడా ప్రకటించకుండా పెట్టేస్తానంటే ఒప్పుకోవద్దు. అది చట్ట విరుద్ధం, ప్రమాదం జరిగితే బీమా రాదు, ఓడలో ఉన్నవారి ప్రాణాలకు ముప్పు.

గుద్దుకున్న కారు, బ్యాటరీ హెచ్చరిక వెలుగుతున్న కారు, నీట మునిగి బయటపడ్డ కారు మామూలు పద్ధతిలో ప్రయాణానికి పనికిరాదు. బ్యాటరీలో ఎంత శాతం ఛార్జి ఉండాలో ఓడ సంస్థ చెబుతుంది; సాధారణంగా అది సగానికి మించకూడదంటారు, దిగేటప్పుడు నడపడానికి సరిపడా మాత్రం ఉండాలి. వారాల తరబడి కదలకుండా ఉండే ప్రయాణంలో మొదట చచ్చిపోయేది పెద్ద బ్యాటరీ కాదు, 12 వోల్టుల చిన్న బ్యాటరీ. దాని వల్ల తలుపులు తెరుచుకోక, కారు నిద్ర లేవక, రేవులో దాన్ని ఈడ్చుకుపోవలసిన పరిస్థితి వస్తుంది. అందుచేత కెమెరా కాపలా, యాప్ నుంచి పదే పదే చూడడం, ముందస్తుగా ఎయిర్ కండిషనర్ నడపడం వంటివన్నీ ఆపేసి, రవాణా మోడ్ ఉంటే దాన్ని ఆన్ చేసి, చిన్న బ్యాటరీని ఎలా అందుకోవాలో, చేతితో తలుపు ఎలా తీయాలో ఒక కాగితం మీద రాసి తాళంతో పాటు ఇవ్వండి. ఓడలో ఉన్నన్నాళ్లు మీరు కూడా యాప్ తెరవకండి. ఒక్కోసారి తెరిచినప్పుడల్లా కారు మేల్కొంటుంది.

సముద్ర బీమా తప్పనిసరిగా తీసుకోవాలి, అందులో 'జనరల్ యావరేజ్' కలిసి ఉందో చూడాలి. ఓడను కాపాడడం కోసం చేసిన ఖర్చును, నష్టాన్ని సరుకుల యజమానులందరూ తమ తమ విలువల నిష్పత్తిలో పంచుకోవాలన్న పాత సముద్ర న్యాయ సూత్రం ఇది. మీ కారుకు చిన్న గీత కూడా పడకపోయినా, ఓడలో మంటలు లేస్తే, మీ వాటా కట్టేదాకా కారును విడుదల చేయరు. 2022 ఫిబ్రవరిలో కార్లతో వెళ్తున్న ఫెలిసిటీ ఏస్ ఓడ అట్లాంటిక్‌లో మంటలంటుకుని, మార్చి 1న మునిగిపోయింది. అలాంటివి అరుదే. కానీ బీమా ఉన్నదే అరుదైన వాటి కోసం.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు వెళ్లే కారు లోపలా, అడుగునా మట్టి, ఆకులు, విత్తనాలు లేకుండా శుభ్రంగా ఉండాలి. దుర్వాసన నల్లి బెడద కారణంగా, సెప్టెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ఆ పురుగు ఉన్న దేశాల నుంచి వచ్చే వాహనాలకు ఆస్ట్రేలియా ప్రత్యేక శుద్ధి నియమాలు పెట్టింది. వీలైతే ఆ నెలలు తప్పించి పంపడం నయం.

చేరిన తరువాత

రేవులో కారును అందుకునేటప్పుడు సంతకం పెట్టకముందే నాలుగు వైపులా, ముఖ్యంగా అడుగుభాగాన బ్యాటరీ పెట్టె మీద, ఫొటోలు తీయండి; దెబ్బ కనిపిస్తే అందిన రసీదు మీదే రాయించండి, తరువాత చెప్పింది బీమా సంస్థ దగ్గర బలహీనపడుతుంది. మొదటి ఛార్జింగు ఫాస్ట్ ఛార్జర్ దగ్గర కాకుండా నెమ్మదైన ఏసీ మీద, మీరు దగ్గర ఉండగా చేయండి. కొత్త ప్లేటు వచ్చేదాకా నడపడానికి తాత్కాలిక ప్లేటు, దానికి సరిపోయే బీమా ఉండాలి. రెండూ లేకపోతే రేవు నుంచి ఇంటికి ట్రక్కు మీద తెప్పించుకోవాలి.

ఆ తరువాత వరుస చాలా దేశాల్లో ఒకేలా ఉంటుంది: కస్టమ్స్ విడుదల పత్రం, సాంకేతిక పరీక్ష, బీమా, రిజిస్ట్రేషన్. కొన్నిచోట్ల పరీక్షకు తేదీ దొరకడానికే నెల పట్టవచ్చు కనుక కారు ఇంకా సముద్రం మీద ఉండగానే తేదీ తీసుకోండి. సుంకం మినహాయింపుతో తెచ్చిన కారు కాగితాలను విడి ఫైలులో పెట్టి, అమ్మకూడని గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఆ ఫైలు మీదే రాసి ఉంచండి. ఆ తేదీకి ముందు ఉద్యోగం మారి మళ్లీ దేశం వదలవలసి వస్తే, కారును అమ్మే ముందు కస్టమ్స్ కార్యాలయానికి తెలియజేసి, వారు లెక్కకట్టిన సుంకం చెల్లించిన తరువాతే చేతులు మార్చాలి.